కాణిపాకం నుంచి మాచనూరుకు

పిల్లలూ! చిత్తూరులో కాణిపాకం బస్సు ఎక్కితే పన్నెండు కిలోమీటర్ల దూరం ఇట్టే గడిచిపోతుంది. దారి పొడుగునా మామిడి తోటలు, చెరకు మళ్ళు, అక్కడక్కడా బండరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. ఊరు బాహుదా నది ఒడ్డున ఉన్నది. నది అన్నాను గదా అని ఏడాది పొడుగునా నీళ్ళు పారతాయనుకోకండి. సీమలోని చాలా ఏళ్ళకు మల్లేనే ఇదీ వానలు పడ్డప్పుడే నది. మిగతా రోజుల్లో ఇసుక మేట.

ఇక్కడి వరసిద్ధి వినాయకుడి గుడి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పదకొండో శతాబ్దంలో కులోత్తుంగ చోళుడు దీన్ని కట్టించాడని చెబుతారు. ఏటా వినాయక చవితినాడు మొదలై ఇరవై ఒక్క రోజులు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. అయితే ఇవాళ నేను చెప్పబోయేది గుడి గురించి కాదు, రేడియో గురించి. కాణిపాకానికీ రేడియోకూ ఏమిటి సంబంధం అంటారా? ఈ ఊళ్ళో చెప్పుకునే సంగతులు రెండు వినండి, మీకే బోధపడుతుంది.

మొదటిది ఊరు పుట్టిన కథ. పూర్వం ఇక్కడ ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారట. ఒకడికి చూపు లేదు. ఒకడికి మాట లేదు. ఒకడికి వినికిడి లేదు. ముగ్గురికీ కలిపి ఉన్నది కాణి పొలం, అంటే సుమారు ఎకరంపావు. ఏతాంతో నీరు తోడి ఆ పొలం సాగుచేసుకునేవారు. ఏతాం మీరు చూసి ఉండకపోవచ్చు. బావి దగ్గర ఒక స్తంభం, దాని మీద అడ్డంగా పెద్ద దూలం, దూలం కొసన బాన. ఇద్దరు దూలం మీద అటూ ఇటూ నడుస్తుంటే బాన బావిలోకి దిగుతుంది, పైకి లేస్తుంది. మూడోవాడు కింద నిలబడి బానలోని నీళ్ళు కాలవలోకి వంచుతాడు. ఒక్కడు చేసే పని కాదు ఇది. ఒకసారి బావి ఎండిపోయింది. ఒకడు దిగి గునపంతో తవ్వాడు. గునపం రాతికి తగిలి, రాతినుంచి నెత్తురు చిమ్మి, బావి నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి. ఆ నీటి మహిమవల్ల ముగ్గురి అవిటితనమూ పోయిందట. ఊరివాళ్ళు పరుగెత్తుకొచ్చి, బావిలో వెలసిన వినాయకుడికి కొబ్బరికాయలు కొట్టారు. ఆ నీళ్ళు కాణి మేర పారాయి కనుక ఊరు కాణిపాకం అయిందని పెద్దలు చెబుతారు.

రెండోది కాణిపాకం ప్రమాణం. చిత్తూరు జిల్లాలో ఎక్కడైనా తగువు ముదిరితే, "అయితే కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?" అంటారు. అప్పు తీర్చానన్నవాడూ, తీర్చలేదన్నవాడూ ఇక్కడికి వస్తారు. స్నానం చేసి, తడిబట్టలతో దేవుడి ముందు నిలబడి చెప్పాలి. అంతదాకా గట్టిగా అరిచినవాడు కూడా ఇక్కడికి వచ్చేసరికి తడబడి నిజం ఒప్పుకున్నాడని కథలు కథలుగా చెప్పుకుంటారు. పదిమంది ఎదట నోరు విప్పి పలికిన మాట ఊరికే పోదనీ, దానికి చెప్పినవాడు బాధ్యుడనీ ఈ ఊరి నమ్మకం.

కలిసి చేస్తేనే సాగే పని ఒకటి, బాధ్యతతో పలికే మాట ఒకటి. ఈ రెండూ మనసులో పెట్టుకోండి. మనం పోబోయే దారిలో పనికివస్తాయి.

మన దేశంలో రేడియో మూడు రకాలు. ఒకటి ప్రభుత్వం వారి ఆకాశవాణి. రెండోది పట్నాలలో సినిమా పాటలు, ప్రకటనలు వినిపించే ప్రైవేటు ఎఫ్.ఎం. మూడోది కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్ళు ఊరివాళ్ళ కోసం నడుపుకునే రేడియో. దీన్ని లాభానికి నడపరాదు. ఏ ఒక్క మనిషికీ, ఏ రాజకీయ పార్టీకీ దీనికి అనుమతి ఇవ్వరు. స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు, వ్యవసాయ విజ్ఞాన కేంద్రాల వంటివాటికే ఇస్తారు. కార్యక్రమాలలో సగమైనా ఆ ప్రాంతంలోనే తయారుకావాలి. వినిపించిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలపాటు భద్రపరచాలి. ఎవరైనా "ఆ రోజు మీరు ఏమన్నారు?" అని అడిగితే తీసి వినిపించగలగాలి. చూశారా, ఇదీ ఒకరకం ప్రమాణమే!

ఈ రేడియో ఎంత దూరం వినిపిస్తుందో తెలుసుకోవాలంటే కొంచెం సైన్సు కావాలి. మీ ఇంట్లో తిరిగే ఫ్యాను యాభై నుంచి డెబ్బై అయిదు వాట్ల కరెంటు తీసుకుంటుంది. ఊరి రేడియో ట్రాన్స్‌మిటర్ శక్తి సాధారణంగా యాభై వాట్లే. అంటే ఫ్యాను తిప్పేపాటి శక్తితో కొన్ని పదుల ఊళ్ళకు మాట అందుతుందన్నమాట! ఇలాంటి స్టేషన్లు చాలావరకు 90.4 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. సెకనుకు 9 కోట్ల 4 లక్షల సార్లు కంపించే అల అది. ఒక్కొక్క అల పొడుగు మూడు మీటర్ల పైచిలుకు, సుమారు రెండు నిలువులు. ఈ అలలు దాదాపు చూపు ఆనిన మేరకే పోతాయి. ముప్ఫై మీటర్ల ఎత్తున ఏరియల్ కట్టితే, నేల సమంగా ఉన్నచోట, సుమారు ఇరవై కిలోమీటర్ల దగ్గర భూమి వంపు అడ్డం వస్తుంది. మధ్యలో కొండ ఉంటే అంత దూరం కూడా స్పష్టంగా వినిపించదు. చిత్తూరు జిల్లా పిల్లలకు కొండల సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇందులో ఒక మంచీ ఉన్నది, ఒక చిక్కూ ఉన్నది. మాట ఎక్కువ దూరం పోదు గనుక అదే 90.4 మీద ఇంకో జిల్లాలో మరో ఊరు తన రేడియో పెట్టుకోవచ్చు. 2024 నాటికి దేశంలో ఇలాంటి స్టేషన్లు దాదాపు అయిదు వందలు. అది మంచి. మరి చిక్కు ఏమిటంటే, ఒక స్టేషన్ మాట మరొక స్టేషన్‌కు వినపడదు! పక్క జిల్లావాళ్ళు మంచి పద్ధతి ఒకటి కనిపెట్టినా వీళ్ళకు తెలియదు. వీళ్ళు చేసిన పొరపాటే వాళ్ళు మళ్ళీ చేస్తారు. అందుకని ఈ రేడియోలకు యంత్రం ఒక్కటీ ఉంటే చాలదు. నడిపేవాళ్ళకు శిక్షణ కావాలి, ఒకరికొకరికి రాకపోకలు కావాలి.

రేడియోలో మాట్లాడటానికి శిక్షణ ఎందుకు, నోరున్న ప్రతివాడూ మాట్లాడవచ్చు గదా అంటారేమో. సరే, ఒక సంగతి చెప్పండి. ఎదురుగా మనిషి లేకుండా ఎప్పుడైనా పావుగంట మాట్లాడారా? మైకు ముందు కూర్చుంటే తల ఊపేవాడు ఉండడు, నవ్వేవాడు ఉండడు. అయినా వంటింట్లో పని చేసుకుంటున్న ఒక అవ్వతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాలి. అది అభ్యాసంవల్ల వచ్చే విద్య. మైకు నోటికి ఎంత దూరాన ఉండాలి, గాలి హోరు పడకుండా దానికి ఏం తొడగాలి, పక్కన పంపుసెట్టు మోగుతుంటే ఎక్కడికి జరగాలి, గంటసేపు రికార్డు చేసినదాన్ని అర్థం చెడకుండా పది నిమిషాలకు ఎలా కుదించాలి, ఇవన్నీ నేర్చుకోవాలి. వీటన్నిటికన్నా కష్టమైనది ప్రశ్న అడిగి ఊరుకోవటం. అవతలివారు ఆలోచించుకుంటున్నప్పుడు మనం మధ్యలో అందుకోకూడదు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, ఇది ఎంత కష్టమో నాకు తెలుసు.

స్టేషన్ నడిపే మేనేజరుకు ఇంకో రకం శిక్షణ కావాలి. ఏ రోజు ఎవరు వస్తారు, కరెంటు పోతే ఏం చెయ్యాలి, లైసెన్సు కాగితాలు ఎప్పుడు పంపాలి, డబ్బు ఎలా కూడబెట్టాలి, లెక్కలు పదిమందికీ ఎలా చూపించాలి అన్నవి ఆ పనిలోవి. వాలంటీర్లు జీతానికి వచ్చేవాళ్ళు కారు. పొలం పని చూసుకుని, పిల్లలకు అన్నం పెట్టి వస్తారు. వాళ్ళ మనసు నొప్పించకుండా పని సాగించటం కూడా మేనేజరు పనే.

ఈ విద్య మనవాళ్ళు ఎక్కడెక్కడ ఎలా నేర్చుకున్నారో చూద్దాం. కాణిపాకం దగ్గర నిలబడితే మూడు రాష్ట్రాలు చేరువే. ఇక్కడినుంచి మూడు దారుల్లో పోదాం రండి.

మొదటి దారి తూర్పుగా చెన్నైకి. 1953 దాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అక్కడ 1924లో, ప్రభుత్వ రేడియో పుట్టకముందే, సి. వి. కృష్ణస్వామి చెట్టి మొదలైన ఔత్సాహికులు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టారు. తమకు తాముగా ట్రాన్స్‌మిటర్ సమకూర్చుకుని పాటలు, ప్రసంగాలు వినిపించారు. ఉత్సాహానికి లోటు లేదు గాని డబ్బు చాలలేదు. 1927లో క్లబ్బు మూతపడింది. 1930లో మద్రాసు కార్పొరేషన్ ఆ పని అందుకున్నది. 1938లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. అక్కడే న్యాపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు తెలుగు పిల్లల కార్యక్రమాలు నడిపి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు, 1945లో "బాల" పత్రిక ప్రారంభించారు. మైకు అంటే ఏమిటో ఎరగని పిల్లలను చేరదీసి పాట, మాట, నాటకం నేర్పి రేడియోలో పలికించారు. తెలుగువాళ్ళలో రేడియో శిక్షణ మొదట అందుకున్నవారిలో మీ ఈడు పిల్లలు ఉన్నారన్నమాట!

ఆ చెన్నైలోనే 2004 ఫిబ్రవరి 1న అన్నా విశ్వవిద్యాలయంవారు అన్నా ఎఫ్.ఎం. ప్రారంభించారు. విద్యాసంస్థ నడిపే కమ్యూనిటీ రేడియోలలో మన దేశానికి అదే మొదటిది. దక్షిణాది స్టేషన్లవాళ్ళు 2024 ఫిబ్రవరిలో అదే విశ్వవిద్యాలయంలో సమ్మేళనం జరుపుకున్నారు.

రెండో దారి పడమటిది. చిత్తూరునుంచి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పోయి బంగారపేట వైపు తిరిగితే బూదికోట వస్తుంది. హైదరలీ పుట్టిన ఊరని చరిత్రలో చదువుకుంటారు. కన్నడ దేశమే అయినా ఆ చుట్టుపక్కల తెలుగు మాట బాగానే వినపడుతుంది. అక్కడ 2001లో "నమ్మ ధ్వని" మొదలైంది. "మన ధ్వని" అని అర్థం. బెంగుళూరులోని వాయిసెస్, మైరాడా అనే సంస్థలు, యునెస్కో దానికి తోడ్పడ్డాయి. ఊరి ఆడవాళ్ళ పొదుపు సంఘాలవాళ్ళు, కుర్రవాళ్ళు కలిసి కార్యక్రమాలు తయారుచేశారు. అయితే అప్పటికి ఊళ్ళకు రేడియో లైసెన్సు ఇచ్చే చట్టం లేదు. మాటను గాలిలోకి వదలటానికి వీలులేదు. అప్పుడు వాళ్ళేం చేశారనుకున్నారు? టేపులు తీసుకుపోయి సంఘాల కూటాల్లో వినిపించారు. ఆ తరవాత ఇళ్ళకు టీవీ బొమ్మలు తెచ్చే కేబుల్ తీగ ద్వారానే తమ మాటనూ పంపించారు. గాలి లేకపోతే తీగ, తీగ లేకపోతే టేపు! మాట్లాడటం నేర్చినవాళ్ళను దారి లేదని కూర్చోబెట్టటం తేలిక కాదు.

మూడో దారి పొడుగైనది, ఉత్తరానికి. చిత్తూరునుంచి పీలేరు, రాయచోటి, కడప, మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలుకు పోయే పెద్ద రోడ్డు మీద, కర్నూలుకు ఇవతల, ఓర్వకల్లు ఉన్నది. వింత వింత ఆకారాల రాళ్ళు చూడటానికి జనం అక్కడ ఆగుతారు. మనం మాత్రం ఒక రేడియో సంగతి విందాం. 2002లో అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్ళు "మన రేడియో" అని చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నారు. దాని మాట ఊరు దాటి పోయేది కాదు. అయినా మొట్టమొదటిసారి తమ గొంతు తామే రేడియోలో విన్నారు. ఆ 2002 డిసెంబరులో కేంద్రప్రభుత్వం కమ్యూనిటీ రేడియోకు అనుమతి ప్రకటించింది గాని, అది విద్యాసంస్థలకు మాత్రమే. పొదుపు సంఘం బడి కాదు గదా! లైసెన్సు లేదనే కారణంతో 2003లో అధికారులు ఆ రేడియోను ఆపించారు. కొద్ది నెలల్లోనే ఆ గొంతు మూగపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఓర్వకల్లు ఆడవాళ్ళకు చెప్పుకోవలసిన సంగతులు లేకనా? ఉన్నాయి. పట్టుదల లేకనా? ఉన్నది. లేనిది చట్టం. చట్టం ఒక ఊరు అడిగితే మారేది కాదు. అనేక ఊళ్ళు కలిసి అడగాలి.

అలా అడగటానికి దారి వేసింది ఒక క్రికెట్ తగువు. క్రికెట్ మ్యాచిని టీవీలో చూపించే హక్కు ఎవరిది అన్న వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. రేడియో తరంగాలు ఏ ఒక్కరి సొత్తూ కావు, అవి ప్రజల ఆస్తి అన్నది న్యాయస్థానం. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తులలో పి. బి. సావంత్ గారు ఒకరు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఆ మరుసటి ఏడు బెంగుళూరులో రేడియో మీద మక్కువ ఉన్నవాళ్ళు సమావేశమయ్యారు. 2000 జులైలో మరోసారి కలుసుకున్నారు. ఈసారి కలిసినచోట్లలో ఒకటి పట్నం కాదు, జహీరాబాదు దగ్గర పస్తాపూరు అనే పల్లె! ఊళ్ళకు రేడియో హక్కు కావాలని వాళ్ళు చేసిన ప్రకటనకు పస్తాపూరు ప్రకటన అనే పేరు నిలిచిపోయింది. ఇలాంటి ప్రయత్నాలు అనేకం జరిగాక, 2006 నవంబరులో ప్రభుత్వం నియమాలు మార్చి, స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో పెట్టుకోవచ్చునన్నది. ఓర్వకల్లుకు ఆ మార్పు ఆలస్యంగా వచ్చింది గాని, వచ్చింది.

ఇక ప్రయాణం చివరికి చేరాం. కర్నూలునుంచి హైదరాబాదు, అక్కడినుంచి బొంబాయి రోడ్డున జహీరాబాదు, ఆ దగ్గరలోనే మాచనూరు. అప్పుడది మెదక్ జిల్లా. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఎర్ర నేల, మెట్ట పైరు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, కందులు పండించుకునే పేద ఆడవాళ్ళు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సాయంతో ఊరూరా సంఘాలు కట్టుకున్నారు. తమ విత్తనాలు తామే దాచుకున్నారు. విత్తనం తమ చేతిలో ఉన్నట్టే మాట కూడా తమ చేతిలో ఉండాలని వాళ్ళకు తోచింది. రేడియోలో వినపడే తెలుగు తమ ఇళ్ళలో మాట్లాడే తెలుగు కాదు. చెప్పే వ్యవసాయం తమ మెట్టపొలాల వ్యవసాయం కాదు. అందుకని తమ రేడియో తమకు కావాలన్నారు.

యునెస్కో తోడ్పాటుతో 1998లో అక్కడ స్టూడియో తయారయింది. లైసెన్సు మాత్రం లేదు. లైసెన్సు వచ్చేదాకా స్టూడియోకు తాళం వేశారా? లేదు. ఆ ఊళ్ళకు చెందిన దళిత యువతులు ఇద్దరు రికార్డు చెయ్యటం, కూర్చటం నేర్చుకున్నారు. ఇద్దరి పేరూ నర్సమ్మే! ఒకరిని జనరల్ నర్సమ్మ అంటారు, మరొకరు ఆల్గోల్ నర్సమ్మ. ఊళ్ళలో పాటలు, పంటల కబుర్లు, మందాకుల సంగతులు, పండుగల ముచ్చట్లు టేపుల మీదికి ఎక్కించారు. ఆ టేపులు సంఘం కూటాల్లో అందరూ కలిసి విన్నారు. విన్నవాళ్ళు "ఇది బాగుంది, అది అర్థం కాలేదు" అన్నారు. మళ్ళీ రికార్డు చేశారు. ఇలా ఎన్నాళ్ళు? పదేళ్ళు! ఇంతకన్నా గొప్ప శిక్షణ తరగతి ఏ కాలేజీలో ఉంటుంది చెప్పండి?

2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చింది. స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యాన నడిచే గ్రామీణ కమ్యూనిటీ రేడియోలలో మన దేశానికి అదే మొదటిది. ప్రారంభించిన వారెవరో ఊహించారా? పి. బి. సావంత్ గారే! తరంగాలు ప్రజల ఆస్తి అని పదమూడేళ్ళ కిందట తీర్పు రాసిన చేతులు, ఆ ఆస్తిని ఆ పల్లె ఆడవాళ్ళకు అప్పగించాయి. కార్యక్రమాలకు వాళ్ళు ఎంచుకున్నది రాత్రి ఏడు గంటల వేళ. పొలం పని ముగించుకుని ఇల్లు చేరే వేళ అదే గదా. ఏ వేళకు వినిపించాలో వినేవాళ్ళే నిర్ణయించుకోవటం ఈ రకం రేడియోలో ఉన్న సుగుణం.

మాచనూరునుంచి తిరిగి హైదరాబాదు వస్తే, అక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2011లో కమ్యూనిటీ మీడియా కోసం యునెస్కో పేరిట ఒక పీఠం ఏర్పడింది. అప్పుడు ఆచార్య వినోద్ పావరాల దానికి నాయకులు. స్టేషన్లు తమను తాము మెరుగుపరచుకోవటానికి వారు ఒక పద్ధతి తయారుచేశారు. అది నాకు మహా నచ్చింది. ఎందుకంటే బడికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజు ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గోడలకు సున్నం, గుమ్మానికి తోరణం, పిల్లలకు వణుకు! ఈ పద్ధతిలో ఇన్‌స్పెక్టరు ఉండడు. ముందు స్టేషన్‌వాళ్ళు తమను తామే ప్రశ్నించుకుంటారు. మన ఊళ్ళో అందరి గొంతూ వినిపిస్తున్నామా? ఆడవాళ్ళకు ఎంత చోటు ఇచ్చాం? లెక్కలు సరిగా ఉన్నాయా? వినేవాళ్ళు చెప్పింది విన్నామా? ఆ పిమ్మట మరో స్టేషన్ వాళ్ళు చుట్టాల్లాగా వచ్చి, ఉండి, చూసి, "మేమైతే ఇలా చేస్తున్నాం" అని చెబుతారు. వాళ్ళూ కొత్త సంగతి నేర్చుకుని పోతారు. వచ్చినవాడూ విద్యార్థే, ఉన్నవాడూ విద్యార్థే. గాలిలో ఒకరి మాట ఒకరికి వినపడని స్టేషన్లు ఇలా బస్సెక్కి వెళ్ళి వినుకుంటాయన్నమాట!

ఇది మన దేశంలోనే కాదు. 1940ల చివరలో దక్షిణ అమెరికాలోని బొలీవియా గని కార్మికులు కూలి డబ్బుల్లోంచి చందాలు వేసుకుని రేడియోలు నడుపుకున్నారు. 1983లో కెనడాలోని మాంట్రియల్‌లో అనేక దేశాలవారు కలుసుకున్నారు. కమ్యూనిటీ రేడియోల ప్రపంచ సంఘానికి అక్కడే పునాది పడింది.

ఇంత శ్రమ ఎందుకు, చేతిలో ఫోనుంటే ఎవరి గొంతైనా క్షణంలో లోకమంతా పోతుంది గదా అని మీ అన్నయ్యలు అనవచ్చు. నిజమే, పోతుంది. 2018లో ఏం పోయిందో చెబుతాను. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న అబద్ధం ఫోన్లలో ఊరూరా పాకింది. దేశంలో అనేకచోట్ల జనం దారినపోయే అమాయకులను పట్టుకుని కొట్టారు. ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ మాట మొదట అన్నది ఎవరు? ఎవరికీ తెలియదు. పంపినవాళ్ళలో ఎందరు విచారించారు? బాధ్యుడు లేని మాట ఎంత పని చేస్తుందో చూశారు గదా. ఊరి రేడియోలో అలా కుదరదు. అక్కడ మాట్లాడేది మన వీధి లక్ష్మమ్మో, మన రంగన్నో. తప్పు చెబితే తెల్లవారి వాళ్ళ ఇంటి ముందు నిలబడి అడుగుతాం. చెప్పినది మూడు నెలల దాకా దాచి ఉంటుంది. అందుకని శిక్షణలో మొట్టమొదట చెప్పవలసిన పాఠం మైకు గురించి కాదు, "నీకెలా తెలుసు?" అని అడగటం గురించి. కాణిపాకంలో తడిబట్టలతో నిలబడ్డవాణ్ణి అడిగేదీ అదే గదా!

ఇక మీకొక పని చెబుతాను. బడిలో ముగ్గురు ముగ్గురుగా జట్లు కట్టండి. ఒకరు అడగాలి, ఒకరు ఫోనులో రికార్డు చెయ్యాలి, ఒకరు ఏమీ మాట్లాడకుండా విని, రాసుకోవాలి. మీ ఊళ్ళో ఒక బావి గురించో చెరువు గురించో తెలిసిన ముసలివారి దగ్గరికి పోండి. ముందుగా అనుమతి అడగండి. ఆ బావి ఎవరు తవ్వారు, ఎన్ని మట్లు లోతు, ఏ ఏట ఎండింది అని అడగండి. వారు చెప్పినదాన్ని మరో ఇద్దరిని అడిగి సరిచూసుకోండి. దాన్ని అయిదు నిమిషాలకు కుదించి శనివారం నాడు తరగతిలో వినిపించండి. విన్నవాళ్ళు ఏది అర్థం కాలేదన్నారో రాసుకోండి. మరుసటి వారం జట్టులో పనులు మార్చుకోండి. అడిగినవారు వినాలి, విన్నవారు అడగాలి. చేసినదాన్ని పక్క ఊరి బడికి పంపి, వాళ్ళది తెప్పించుకోండి.

ఇంతకూ ఎవరిని అడగాలా అని తడుముకుంటున్నారా? మీ వీధిలో ఇంతవరకూ ఎవ్వరూ ఏమీ అడగని మనిషి ఒకరు ఉంటారు. అక్కడ మొదలుపెట్టండి.